ఆడలేక మద్దెల ఓడా?



ఈ మాసము మన శీర్షికలో వేరొక విషయమును గూర్చి వ్రాయదలచి కాగితము ముందిడుకొని కూర్చుండగా, అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున డల్లాసు నగరమునకు సమీపమున కాపురముండు మన పాఠకురాలొకతె వ్రాసిన జాబు నాకు చేరినది. దానిని చదివిన పిదప, తలచిన విషయమును వచ్చు మాసమునకు వాయిదా వేసి, ముందుగా ఆమెకు సమాధానము వ్రాయుటయే యుచితమని తోచినది. ఏలయన, ఆమె యడిగినది ఒక ఆటవస్తువును గూర్చియే యైనను, ఆ ప్రశ్న వెనుక నున్నది చిన్న విషయము కాదు.

ఆ సోదరి వ్రాసినదాని సారాంశ మిది.

“మా వారికి డిస్కుగోల్ఫు ఆట యన్న మిక్కిలి మక్కువ. ప్రతి ఆదివారము ఉదయమున పిల్లలతో గూడ అందరమును పార్కునకు పోవుదుము. వారమంతయు ఇంటిపనితోను, ఉద్యోగముతోను గడచు నాకు ఆకాశము క్రింద తీరికగా నడచు గంటలు ఆ రెండే. నేనును రెండేండ్లుగా ఆడుచున్నాను. దూరపు విసరు బాగుగనే పడును. తీరా బుట్ట దగ్గరకు వచ్చునప్పటికి, అయిదు మీటర్ల దూరమునుండి యైనను తప్పిపోవుచున్నది. నా పట్టరు సరిగా లేదేమో యని ఒకనాడు అంటిని. ‘ఆడలేక మద్దెల ఓడన్నట్లున్నది’ అని మా వారు నవ్విరి. ఆయన స్నేహితులును నవ్విరి. పాపము, తరువాత ఆయనయే నా పుట్టినదినమునకు పేరుపడిన పట్టరులు అయిదింటిని కొని తెచ్చిరి. వారమున కొకటి చొప్పున మార్చి చూచితిని. మునుపటికంటెను అధ్వాన్నమైనది. ఇకమీదట నేను ఇంటనే యుండెదను, మీరు పోయి రండు, అని చెప్పదలచుకొన్నాను. లోపము నా చేతిదా, డిస్కుదా? ఈ యైదింటిలో మేలైన దేది?”

సోదరీ, మొదట ఒక మాట. నీ ప్రశ్నకు సమాధానము దొరకునంతవరకు ఆదివారము మానవలదు. తక్కిన సంగతు లన్నియు నిదానముగా మాటలాడుకొందము.

ఈ యాట నెరుగని సోదరీమణుల కొరకు కొంత చెప్పవలసి యున్నది. డిస్కుగోల్ఫు పేరునకు తగినట్లు గోల్ఫు వంటిదే. బంతికి బదులు చిన్న పళ్లెమువంటి ప్లాస్టికు డిస్కును చేతితో విసరుదురు. గుంటకు బదులు ఇనుప స్తంభమున కమర్చిన బుట్ట యుండును. బుట్టపైన గొలుసులు వ్రేలాడుచుండును. డిస్కు గొలుసులకు తగిలి బుట్టలో పడవలెను. సాధారణముగా పదునెనిమిది బుట్టలు. ఎవరు తక్కువ విసరులలో ముగింతురో వారిదే గెలుపు. అమెరికాలో పెక్కు కోర్సులు ఊరి పార్కులలోనే యుండుటచేత రుసుము లేకయే ఆడవచ్చును. ముసలివారును, పిల్లలును కలసి నడువదగిన ఆట యగుటచే మన కుటుంబములకు అనువైనది.

ఎడ్ హెడ్రిక్ అను నాతడు 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో మొదటి స్థిరమైన కోర్సును ఏర్పాటు చేసెను. మొదట వట్టి స్తంభములకే గురి పెట్టెడివారు. డిస్కు తగిలినదా లేదా యని తగవులు వచ్చెడివి. ఆ తగవులు తీర్చుటకే గొలుసుల బుట్ట పుట్టినది. దానికి 1977లో హెడ్రిక్ పేర పేటెంటు లభించినది. ఆ రోజులలో అన్ని విసరులకును ఒకే తీరు డిస్కు. 1983లో అంచు పలుచగా చెక్కినట్లుండు డిస్కు వచ్చిన పిదప, పని కొక పనిముట్టు ఏర్పడినది. మన వంటయింట కూరలు తరుగుటకు కత్తిపీట, అట్టు తిరుగవేయుటకు అట్లకాడ, పులుసు కలుపుటకు గరిటె ఉన్నట్లే, దూరమునకు పలుచని అంచుగల డ్రైవరు, నడిమి దూరమునకు మిడ్‌రేంజి, బుట్ట దగ్గర చివరి విసరునకు పట్టరు. పట్టరు అంచు మందముగను, మొద్దుగను ఉండును. అందుచేత గాలిలో నెమ్మదిగా పోయి, గొలుసులకు మెత్తగా తగిలి నిలుచును.

“పట్టరు” అను నీ పేరు మన తెలుగు చెవికి వింతగా వినబడును. పట్టువారే లేనట్లు తోచును. కాని దీని సంగతి యంతయు పట్టులోనే యున్నది. ఆ మాట చివర మరల చెప్పెదను.

ఇక నీకు వచ్చిన అయిదు పట్టరులను వరుసగా చూతము. డిస్కులపైన నాలుగు అంకెలు ముద్రించుట నేటి వాడుక. మొదటి అంకె వేగము. రెండవది గాలిలో తేలు గుణము. మూడవది వేగముగా పోవునప్పుడు కుడివైపునకు తిరుగు గుణము. నాలుగవది వేగము తగ్గిన పిదప ఎడమవైపునకు వాలు గుణము. ఈ కుడియెడమలు కుడిచేతితో, వెనుకచేతి విసరు విసరువారికి చెప్పినవి, ఎడమచేతివారికి తారుమారగును. మూడవ అంకె ఈ యైదింటికిని సున్నయే. కాబట్టి తక్కిన మూడే చూడవలెను.

ఇనోవా వారి ఏవియార్ బహుకాలముగా వాడుకలో నున్నది. దాని వేగము 2, తేలుట 3, వాలు 1. తిన్నగా పోవునది. గేట్‌వే వారి విజర్డు వేగము 2, తేలుట 3, వాలు 2. చివర కొంచెము ఎడమకు దిగును. కాన్సాసు రాష్ట్రపు డైనమిక్ డిస్క్స్ వారి జడ్జి వేగము 2, తేలుట 4, వాలు 1. తక్కినవాటికంటె కొంచెము ఎక్కువసేపు తేలును. డిస్క్రాఫ్టు వారి లూనా వేగము 3, తేలుట 3, వాలు 3. గట్టిగా విసరువారికి అనుకూలము, నెమ్మదిగా విసరిన త్వరగా ఎడమకు వాలును. స్వీడను దేశపు కాస్టాప్లాస్టు వారి బెర్గ్ వేగము 1, తేలుట 1, వాలు 2. గాలిలో తేలక, పడినచోటనే నిలుచును. దాని పైభాగమున బొటనవ్రేలు ఆనుటకు పల్లముగా ఒక గాడి కూడ కలదు.

ఈ యంకెలు ఎవరికి వారు తమ డిస్కులకు ఇచ్చుకొన్నవి. ఒక కంపెనీ వారి 2 మరియొక కంపెనీ వారి 2తో సరిగా తూగవలెనని లేదు. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. అయిదు మీటర్ల దూరమున డిస్కు గాలిలో నుండునది ఇంచుమించు ఒక క్షణము. అంత స్వల్పకాలములో వాలు 1కిని 2కును గల భేదము కన్నులకు కూడ సరిగా కనబడదు. ఇరువది, ముప్పది మీటర్లనుండి బుట్ట దగ్గరకు చేర్చు విసరునందును, గాలి వీచునప్పుడును ఈ యంకెల ప్రయోజనము కనబడును. కనుక నీ యైదు మీటర్ల తప్పులకు ఈ యంకెలు కారణములు కావు. ఈ యైదింటిలో చెడ్డది ఒక్కటియు లేదు.

మరి కారణ మేమి? ఇక్కడ గాజులవాని సంగతి జ్ఞాపకము చేసికొనవలెను. మలారము దించి అరుగుమీద కూర్చుండిన గాజులవాడు మొదట ఏమి చేయును? గాజుల వన్నె చూపడు, వెల చెప్పడు. చేయి పట్టి, బొటనవ్రేలి మొదలు నొక్కి చూచును. ఆ పిదపనే దండలోనుండి గాజు తీయును. వదినగారి కొలత గాజులు మరదలి చేతికి వేయడు. వేసిన, చేయి గీరుకొనును, లేదా గాజు జారిపోవును. ఆ గాజును చెడ్డదని యనము. ఆ చేయిని చెడ్డదని యనము. పట్టరును అట్టిదే.

చేయి చూచి ఎన్నుకొనుట కెరుగవలసిన సంగతులు నాలుగు.

మొదటిది అంచు లోతు. డిస్కును తిరుగవేసి చూచిన అంచు లోపలివైపు లోతు తెలియును. నాలుగు వ్రేళ్ల కొనలు అక్కడ ఆనవలెను. లోతైన అంచు పెద్ద చేతులకు నిండుగా నుండును. చిన్న చేతులవారు దానిని పట్టుకొనుటకు వ్రేళ్లను బలవంతముగా చాపవలసి వచ్చును. చాచిన వ్రేలు విడుచు సమయమున వెనుకబడును, డిస్కు ప్రక్కకు పోవును.

రెండవది బీడ్. కొన్ని పట్టరులకు అంచు అడుగున, సన్నని తీగ చుట్టి మడచిన గిన్నె అంచువలె, ఒక వరుస లేచియుండును. దీనినే బీడ్ అందురు. విజర్డునకు, జడ్జికి, లూనాకు బీడ్ కలదు. మామూలు ఏవియార్‌కు లేదు. కొందరి వ్రేలికి బీడ్ ఆధారముగా నుండును. కొందరికి విడుచునప్పుడు తట్టుకొనును. దీనిని పుస్తకములు చెప్పజాలవు, వ్రేలే చెప్పవలెను. జడ్జి వంటి డిస్కునే బీడ్ లేకుండ వార్డెన్ అను పేర ఆ కంపెనీవారే చేయుచున్నారన్న, ఈ చిన్న వరుసకు ఎంత ప్రాముఖ్యము కలదో తెలియుచున్నది.

మూడవది బరువు. ఆట నియమముల ప్రకారము డిస్కు బరువు దాని వ్యాసములో ప్రతి సెంటీమీటరునకు 8.3 గ్రాములకు మించరాదు. పట్టరు వ్యాసము ఇంచుమించు 21.2 సెంటీమీటర్లు. హెచ్చవేసి చూచిన 176 గ్రాములకు కొంచెము లోపుగా వచ్చును. అంగళ్లలో ఎక్కువగా దొరకునవి 170 మొదలు 175 గ్రాముల వరకు నుండును. బరువైనది గాలికి చలింపదు; తేలికయైనది చేతికి శ్రమ తగ్గించును గాని గాలికి లేచును. ఎక్కువ బలము పెట్టనిది బుట్టదాక పోవుట లేదని తోచినచో 165 గ్రాముల దానిని అడిగి చూడవచ్చును. బరువు సాధారణముగా డిస్కు అడుగున వ్రాసియుండును.

నాలుగవది ప్లాస్టికు. పట్టరులకు చౌకరకమే తరచుగా మేలు! ఇది వింతగా తోచవచ్చును. చౌకరకపు ప్లాస్టికు కొంచెము గరుకుగా నుండి చేతికి అంటును. పది డాలర్ల కిటునటుగా దొరకును. ఖరీదైనది, అనగా ఇరువది డాలర్లకు దగ్గర పడునది, చెట్లకు తగిలినను చెడదు గాని, నున్నగా నుండి చెమట చేతిలో జారును. చౌకరకము కొంతకాలమునకు అంచు అరిగి, వాలు తగ్గి, మరింత తిన్నగా పోవుట కారంభించును. చలిలో ఏ ప్లాస్టికైనను బిగియును, ఎండలో మెత్తబడును. మీ టెక్సాసు వేసవిలో డిస్కులను కారులో నుంచవలదు, వంకర పోవును.

ప్రసిద్ధులైన ఆటగాండ్ర సంగతియు ఇందుకు సాక్ష్యము. పండ్రెండు మారులు ప్రపంచ విజేతయైన కెన్ క్లైమో పేరిటి పొడియక్షరములతో ఏవియార్ ఒకటి కలదు. స్త్రీలలో పలుమారులు ప్రపంచ విజేతయైన జూలియానా కోర్వర్ పేరిటను మరియొక ఏవియార్ కలదు. క్లైమో పేరిటిది గట్టి ప్లాస్టికు. కోర్వర్ పేరిటిది అంతకంటె మెత్తనిది. ఇద్దరును విజేతలే, డిస్కు పేరు నొకటియే. అయినను చేతిలో ఆను వస్తువు ఒకటి కాదు. అంతటివారికే తమ చేతికి తగినది కావలసివచ్చినప్పుడు, మనము అంగడిలో పేరు చూచి తెచ్చుకొనుట ఏమి న్యాయము?

నా యనుభవమును కూడ చెప్పెదను. మా అమ్మాయి యింట ఆరు మాసము లుండిన కాలమున నేనును ఈ యాట నాడితిని. అల్లుని సంచిలోని పెద్ద బీడ్ గల పట్టరు నా వ్రేళ్లలో నిలువనే లేదు. విసరిన ప్రతిసారి కుడివైపునకే జారెడిది. మనుమరాలు ఆడి విడిచిన అరిగిన డిస్కు, బీడ్ లేనిది, చేత బట్టిన నాడు నా చేయి తేలికపడినది. నేను గొప్ప ఆటకత్తెను కాలేదు గాని, బుట్ట దగ్గర భయము పోయినది.

ఇప్పుడు పరీక్షా విధానము. వారమున కొకటి చొప్పున మార్చుటయే నీవు చేసిన పొరపాటు. చేయి ఒకదాని నలవాటు చేసికొనులోపల దానిని తీసివేసి మరియొకటి పెట్టితివి. అయిదు వారములు అయిదు మారులు ఓనమాలు దిద్దినట్లైనది. మునుపటికంటె అధ్వాన్నము కాక ఏమగును?

మొదటి దినమున విసరవలదు. ఇంటిలో కూర్చుండి, కన్నులు మూసికొని, ఒక్కొక్క దానిని విసరబోవునట్లే రెండు నిమిషములు పట్టుకొనుము. ఏ వ్రేలైన లాగినను, ఎక్కడైన సందు మిగిలినను దానిని ప్రక్కన బెట్టుము. ఈ విధముగా రెండింటిని మాత్రము మిగుల్చుకొనుము. ఆ రెండింటి బరువులు ఇంచుమించు సమానముగా నుండునట్లు చూచుకొనుము; లేనిచో పోల్చునది బరువునో, డిస్కునో తెలియదు.

తరువాత పది దినములు, దినమునకు అరగంట. అయిదు మీటర్లు కొలిచి గీత గీయుము. బుట్ట లేకున్న పెరటిలో చెట్టు మొదటికి గుడ్డ కట్టినను చాలును. ఒక దానితో ఒకసారి, రెండవ దానితో ఒకసారి, మార్చి మార్చి విసరుము. ఒక దినము ఒకటి మొదలు, మరునాడు రెండవది మొదలు. లేనిచో చేయి వేడెక్కిన పిదప విసరినదానికి లాభము, అలసిన పిదప విసరినదానికి నష్టము కలుగును. దినమునకు ఒక్కొక్కటి ఇరువది విసరులు. పద్దు పుస్తకములో వ్రాసికొనుము: పడినవి ఎన్ని, తప్పినవి ఏ వైపునకు తప్పినవి.

పదింటిలో ఒకటి ఆరు, రెండవది ఏడు పడినదని తీర్పు చెప్పవలదు. పదింటికి ఆరు వేయగల చేయి, ఒకే డిస్కుతో ఒకనాడు నాలుగు, ఒకనాడు ఎనిమిది వేయుట మామూలే. నూటికి నాలుగైదు తేడా వచ్చినను అది అదృష్టమే కావచ్చును. పది దినములలో ఒక్కొక్కదానికి రెండువందల విసరులు పూర్తియైన పిదప చూడుము. తేడా స్పష్టముగా నుండిన, అదియే నీ పట్టరు. తేడా లేకున్న, పట్టుకొనుటకు హాయిగా నున్నదే నీ పట్టరు.

నీ యసలు ప్రశ్నకును సమాధానము ఆ పుస్తకమే చెప్పును. రెండు డిస్కులును ఒకే వైపునకు, ఉదాహరణమునకు కుడికే, తప్పుచున్నచో లోపము విడుచు తీరులో నున్నది. అది సాధనతో దిద్దుకొనవచ్చును. ఒకటి తిన్నగా పోయి మరియొకటి మాత్రమే ప్రక్కకు పోవుచున్నచో, ఆ రెండవది నీ చేతి కొలత కాదు. మద్దెల ఓడో, ఆట ఓడో తెలిసికొనుటకు నవ్వులు పనికిరావు, లెక్క కావలెను.

ఎన్నుకొన్న పిదప అట్టిదే ఇంకొకటి కొనుము. ఒకటి బుట్ట దగ్గరకు మాత్రమే. రెండవది దూరమునుండి చేర్చు విసరునకు. చెట్లదెబ్బలు రెండవది తినును, మొదటిది చెడకుండ నుండును. తక్కినవి దాచి యుంచుము. పిల్లల చేతులు పెరుగుచున్నవి గదా. సంవత్సరము వరకు మరియొక పట్టరు వైపు చూడవలదు.

మీ వారిని గూర్చి ఒక మాట. ఆయన ప్రేమతోనే తెచ్చెను. అయిదు కొని తెచ్చువానికి మనసు లేదనుట తగదు. కాని తన చేతికి నచ్చినవి తెచ్చెను. ఈ పది దినములును విసరులు లెక్కవ్రాయు పని ఆయన కప్పగింపుము. నవ్విన నోరే లెక్క చెప్పవలెను. నీవు ఏమి చేయుచున్నావో దగ్గరగా చూచిన పిదప ఆ సామెత ఆయన నోట రాదని నా నమ్మకము.

సోదరీ, బుట్టలో పడుటయే ముఖ్యమైనచో నేనింత దీర్ఘముగా వ్రాయకపోదును. వారమునకు నీకు మిగిలినవి రెండు గంటలు. పిల్లలు తల్లి నడచుటను, తప్పుటను, మరల విసరుటను చూచు గంటలవి. నలుగురు నవ్విరని వాటిని వదలుకొన్నచో, ఇంటిలో మరియొక పని వచ్చి ఆ చోటును నింపివేయును. తరువాత అడిగినను అవి తిరిగి రావు. అందుచేత మొదట చెప్పినదానినే మరల చెప్పుచున్నాను. వచ్చు ఆదివారము నీ సంచి నీవే సర్దుకొనుము. చేతికి తగినది ఒకటి మాత్రము తీసికొని పొమ్ము.

పది దినముల లెక్క పూర్తియైన పిదప ఆ పుస్తకములోని అంకెలను నాకు వ్రాసి పంపవలెను. ఇట్టి ఆటల నాడుచున్న తక్కిన సోదరీమణులును తమ చేతికి కుదిరినదేదో, కుదరనిదేదో తెలియజేసిన, ఈ పుటలయందు అందరికిని పంచెదను.